ముఫ్తీలు (ఫత్వా ఇచ్చే పండితులు) ముందు న్యాయం చూస్తారా, కితాబు (మత న్యాయ గ్రంథం) చూస్తారా?

లా_స్టూడెంట్_వరంగల్:
1939 ముస్లిం వివాహ రద్దు చట్టం చదువుతున్నా. భర్త నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోతే భార్య కోర్టులో విడాకులు అడగొచ్చు అని ఉంది. కానీ మన దగ్గర ఎక్కువమంది హనఫీలు (సున్నీల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో ఒకదాన్ని పాటించేవాళ్లు), పాత హనఫీ ఫిఖ్ (మత న్యాయశాస్త్రం) ప్రకారం అయితే భర్త ఈడువాళ్లంతా పోయేదాకా ఆమె ఎదురుచూడాలట! మరి ఉలమా (మత పండితులు) దీనికి ఎలా ఒప్పుకున్నారు? ఏది న్యాయమో ముందే తేల్చుకుని తర్వాత ఆధారాలు వెతికారా? గొడవ పెట్టడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

పాతబస్తీ_వకీల్:
తమ్ముడూ, దీని వెనక దేవ్‌బంద్ సంప్రదాయ హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థానవీ ఉన్నారు. అప్పట్లో పంజాబ్‌లో కొందరు ఆడవాళ్లు భర్త నుంచి బయటపడే దారి లేక మతమే వదిలేస్తున్నారు, ఎందుకంటే భార్య మతం వదిలితే పెళ్లి రద్దయినట్టే అని కోర్టులు హనఫీ ఫిఖ్ చూసి తీర్పులిచ్చేవి. థానవీ మదీనాలోని మాలికీ (ఇంకో సున్నీ న్యాయ సంప్రదాయం) ముఫ్తీలకు ఉత్తరాలు రాసి, వాళ్ల పద్ధతిని అరువు తెచ్చుకుని 1931లో 'అల్ హీలతున్నాజిజా' అనే పుస్తకం రాశారు. నాలుగేళ్ల గడువు మాలికీలదే. మతం మారినంత మాత్రాన పెళ్లి పోదు అనడానికి హనఫీల్లోనే బల్ఖ్, సమర్‌ఖంద్ ఉలమా పాత మాట దొరికింది. అంటే కితాబు పక్కన పెట్టలేదు, ఏ కితాబు తెరవాలో ఆ ఆడవాళ్ల కష్టం చెప్పింది.

చదివే_అక్క:
కష్టమా, భయమా అన్నా? మతం వదిలి పోతున్నారు కాబట్టి తలుపు తీశారు. ఒకేసారి మూడు తలాఖ్‌ల విషయంలో 2017 దాకా ముస్లిం పర్సనల్ లా బోర్డు వాదన ఏంటి? అలా చెప్పడం పాపమే, కానీ చెల్లుతుంది అని! మూడూ ఒకటే లెక్క అని ఇబ్న్ తైమియా అనే పండితుడు 14వ శతాబ్దంలోనే అన్నాడు, ఇక్కడి అహ్లె హదీస్ (ఫిఖ్ సంప్రదాయాలకు కట్టుబడకుండా నేరుగా హదీసులే చూసే వర్గం) వాళ్లూ అదే పాటిస్తారు. దారి ఉండి కూడా నడవలేదు, చివరికి సుప్రీంకోర్టు 3-2తో కొట్టేయాల్సి వచ్చింది.

మదరసా_చదువు:
అక్కా, మీ కోపం సరైనదే. అసలు తమాషా ఏంటంటే, సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త, ఆయన సహచరుల గురించిన కథనాల) సంకలనంలో ఉన్న హదీసు ప్రకారం మూడుని మూడుగానే లెక్కపెట్టింది రెండో ఖలీఫా ఉమర్, అదీ జనం తలాఖ్ విషయంలో తొందరపడుతున్నారని. ఆ నియమమే నీతి కోసం పుట్టింది, తర్వాత కారణం పోయి నియమం మిగిలింది. కరువు ఏడాది దొంగల చేతులు నరికే శిక్ష ఆపిందీ ఆయనే అంటారు. మస్లహత్ (జనహితం) అనే మాట అందుకే ఉంది, కాకపోతే గజాలీ లాంటి పాత పండితులు దానికి హద్దు గీశారు: ప్రాణం, బుద్ధి, వంశం, ఆస్తి, దీన్ (మతం), వీటిని కాపాడేదే మస్లహత్, మనకి మంచిదనిపించిందల్లా కాదు. ఆ హద్దు లేకపోతే ఏ ముఫ్తీ అయినా తన ఇష్టాన్నే షరియా అనేస్తాడు.

లా_స్టూడెంట్_వరంగల్:
థాంక్స్ అందరికీ. ఇంకొకటి, మా వీధిలో ఒకామె భర్త గల్ఫ్ వెళ్లి ఏళ్లయింది, కబురు లేదు. దారుల్ ఖజాకి (ఉలమా నడిపే షరియా పంచాయితీకి) వెళ్లమంటున్నారు, సరిపోతుందా?

పాతబస్తీ_వకీల్:
వెళ్తే వెళ్లనీ, మనసుకి ఊరట. కానీ దానికి చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఫ్యామిలీ కోర్టులో 1939 చట్టం కింద పిటిషన్ వేయించు.