చలి ముదిరేలోగా డాబా పూత, గీజరు: ఏది ఎప్పుడు?

తోటపాలెం, విజయనగరం:
సిరిమానోత్సవం అయిపోయింది, వాన తెరిపిచ్చింది. పాత డాబా ఇల్లు మాది. పిట్టగోడ మొదట్లో సన్నటి పగుళ్లున్నాయి, కింద గదిలో ఆ మూలే చెమ్మ. కార్తీక పున్నమికి పైన దీపాలు పెట్టి వెన్నెల్లో కూర్చోవాలని ఇంట్లో అందరి కోరిక. వాటర్‌ప్రూఫ్ పూత ఈలోపే వేయించమంటారా? గీజరు కూడా మార్చి నుంచి వాడలేదు.

బొబ్బిలి మేస్త్రి:
ఇప్పుడే వేయించండి, కాకపోతే వాతావరణ శాఖ కబురు చూసుకుని. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే కదా వచ్చాయి. పూతకి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు పొడి ఎండ కావాలి.

పగులు మీద నేరుగా పూస్తే మళ్లీ అక్కడే చీలుతుంది. ఉలితో 10 మి.మీ. లోతున తొలిచి, దుమ్ము దులిపి, తడిపి, నిలిచిన నీరు తుడిచేసి, లాటెక్స్ (మాలుకి పట్టునిచ్చే పాలలాంటి ద్రవం) కలిపిన 1:3 సిమెంటు ఇసుకతో నింపాలి. పిట్టగోడకీ స్లాబుకీ మధ్య మూలని అదే మాలుతో గుండ్రంగా వంపు తిప్పండి. మీ గదిలో చెమ్మ దిగేది చాలావరకు అక్కడినుంచే. మూడు రోజులు తడపండి, తర్వాత బాగా ఆరనివ్వండి. లోపల తడి ఉండగా పూస్తే ఎండకి ఆవిరై పొక్కులు లేస్తాయి.

కార్తీకంలో మంచు పడుతుంది. కాబట్టి ఉదయం తడి ఆరాక మొదలెట్టి మధ్యాహ్నం రెండింటికల్లా ఆపాలి. మొదటి పూత పొడుగునా, రెండోది అడ్డంగా.

ఆమదాలవలస:
మేస్త్రిగారు చెప్పినదానికి ముందు ఒక పని ఉంది. నీళ్లు పోయే గొట్టం నోట్లో ఆకులు తీసేసి, డాబా మీద నాలుగు బకెట్లు కుమ్మరించి చూడండి. గంట తర్వాత కూడా మడుగు కట్టి ఉంటే అక్కడ వాటం లేదన్నమాట. ముందు దాన్ని సరిచెయ్యాలి, పూత ఒక్కటే ఆదుకోదు.

పున్నమికి వారం ముందే పని ముగించండి. ప్రమిదలు నేరుగా పూత మీద పెట్టొద్దు. నూనె ఇంకినచోట వచ్చేసారి పూత పట్టదు. పళ్లెంలో ఇసుక పోసి దాని మీద పెట్టుకుంటే ఎన్ని దీపాలైనా వెలిగించుకోవచ్చు.

ఎలక్ట్రీషియన్, పాలకొండ:
గీజరు స్విచ్చి వేసేముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా వదలండి. ట్యాంకు ఖాళీగా ఉంటే ఎలిమెంటు కాలిపోతుంది. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చ.మి.మీ. రాగి వైరు, ఎర్తు తప్పనిసరి. ప్లగ్గు పిన్ను నల్లబడిందంటే లోపల లూజుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి, టప్పున పడాలి. బోరు నీళ్లయితే ఎలిమెంటుకి సున్నం పొర కడుతుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. ఆ పొర తీయించడానికి విప్పించినప్పుడే, ట్యాంకుకి తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. బాగా సన్నబడితే మార్చేయాలి, లేకపోతే తుప్పు ట్యాంకుని పడుతుంది.

తోటపాలెం, విజయనగరం:
అందరికీ ధన్యవాదాలండీ. అమ్మకి చలి ఎక్కువ, రాత్రి ఆవిడ గదిలో బొగ్గుల కుంపటి పెట్టొచ్చా?

ఎలక్ట్రీషియన్, పాలకొండ:
వద్దండీ. తలుపులు మూసిన గదిలో బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ లేకుండా ఎర్రగా రాజుకున్న నిప్పులైనా అంతే. బొంతలు మధ్యాహ్నం ఎండలో రెండు వైపులా కాయించి, పడుకునేముందు వేడినీళ్ల సంచికి గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టండి.