బ్యాట్ వేగం చేతుల్లోంచి వస్తుందా, నడుంలోంచి వస్తుందా?

అమ్మాయి నాన్న, డల్లాస్

మా అమ్మాయికి 12 ఏళ్ళు, ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతుంది. టీమ్ కోచ్ "చేతులు బాల్ మీదకి విసురు, మణికట్టు తిప్పు" అంటాడు. ఆదివారాలు విడిగా బ్యాటింగ్ నేర్పే ఆయనేమో "చేతుల సంగతి మర్చిపో, నడుం తిప్పు" అంటాడు. ఇద్దరి మాటా విందామని చూసి పిల్ల బ్యాటింగ్‌కి నిలబడే ప్లేట్ దగ్గర బిగుసుకుపోతోంది. బ్యాట్ వేగం కొలవడానికి హ్యాండిల్ చివర తగిలించే సెన్సర్ కూడా కొన్నాను. మూడు నెలలుగా గంటకు 46 మైళ్ళ దగ్గరే కూర్చుంది.

నేను గుంటూరులో టెన్నిస్ బాల్ క్రికెట్ తప్ప ఇంకోటి ఆడినవాణ్ణి కాదు. వీళ్ళలో ఎవరిది నిజం? "రెండూ నిజమే" అని మాత్రం చెప్పకండి, ఆ జవాబు మా ఆవిడ ఎప్పుడో ఇచ్చేసింది.

చిర్రగోనె

చేతులే అన్నా, అందులో డౌటేముంది. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినప్పుడు గాల్లోకి లేచిన చిర్రను కొట్టడానికి నడుం ఎవడు తిప్పాడు? ధోనీ హెలికాప్టర్ షాట్‌లో కింది చెయ్యి ఏం చేస్తుందో చూడు. నడుం తిప్పు, తుంటి తిప్పు అని పిల్లలకు భరతనాట్యం నేర్పుతున్నారు ఈ కోచ్‌లు. బాల్ వచ్చేది అర సెకనులో, అంతలో ఇవన్నీ గుర్తుంటాయా?

మెకానికల్ మాస్టారు

చిర్ర పిడికెడు కర్రముక్క తమ్ముడూ. అది నిన్ను చూసి ఎదురు రాదు.

బండి తోలేవాడి చర్నాకోల గుర్తు తెచ్చుకోండి. చెయ్యి ముందుకు వెళ్ళి టక్కున ఆగుతుంది. ఆ ఆగడంలోనే కొస ఛెళ్ళుమంటుంది. స్వింగ్‌లోనూ అంతే. ముందుకాలు నేలకు తన్ని పెట్టగానే తుంటి తిరగడం మొదలవుతుంది, భుజాలు ఇంకా వెనకే ఉంటాయి. తుంటి నెమ్మదించేసరికి భుజాలు అందుకుంటాయి, తర్వాత చేతులు, ఆఖరున బ్యాట్. 1995లో ప్రొఫెషనల్ బ్యాటర్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో తుంటి వేగం సెకనుకు 714 డిగ్రీలు, భుజాలది 937, చేతులది 1160. బ్యాట్ సెకనుకు 31 మీటర్లు, అంటే గంటకు 69 మైళ్ళు. ముందుకాలి మీద పడిన బలం మనిషి బరువుకి 123 శాతం.

ఇక మణికట్టు. బాల్, బ్యాట్ ఒకదానికొకటి తగిలి ఉండేది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ. అప్పటికి చేతుల పని చాలావరకు బ్యాట్ ఎగిరిపోకుండా లోపలికి లాగిపట్టడమే. ఒక అరచెయ్యి పైకి, ఇంకోటి కిందికి ఉంటుంది. మనం టీవీలో చూసి మురిసిపోయే ఆ మణికట్టు తిప్పుడు బాల్ వెళ్ళిపోయాక జరిగేది. టీమ్ కోచ్ మాట విని పాప దాన్ని ముందే చేస్తే బాల్ నేలమీద దొర్లుకుంటూ పోతుంది.

చిర్రగోనె

మాస్టారూ, మీ లెక్కే మీకు చెప్తా. తుంటి 714, చేతులు 1160. పెరిగిన వేగమంతా చేతుల దగ్గరే కదా పెరిగింది?

మెకానికల్ మాస్టారు

చెరువులో నీళ్ళు కాలువలో వేగంగా పారతాయి. అంతమాత్రాన నీళ్ళు కాలువవి అయిపోవు.

చిర్రగోనె

కాలువ గట్టు తెగితే ఎంత చెరువున్నా పొలం తడవదు సార్.

నిజామాబాద్ శారద

మీ చెరువు, కాలువ బాగున్నాయి గానీ పిల్ల సంగతి చూద్దామా?

నేను స్కూల్ రోజుల్లో నిజామాబాద్‌లో సాఫ్ట్‌బాల్ ఆడాను. ఇప్పుడు నా ఇద్దరు ఆడపిల్లలూ ఇక్కడ ఆడుతున్నారు. మా పీఈటీ సార్ "వెనక కాలితో బీడీ ముక్క నలిపినట్టు తిప్పు" అనేవారు. అమెరికా వచ్చాక చూస్తే ఇక్కడా అదే మాట, బీడీ బదులు పురుగు, అంతే. నాకు తెలిసి పిల్లల స్వింగ్‌ని ఎక్కువ పాడుచేసిన మాట ఇదే. పాదం దానంతటది తిరగాలి, మనం తిప్పేది కాదు. పెద్ద ఆటగాళ్ళ వీడియో ఆపి చూడండి, బాల్ తగిలేటప్పుడు చాలామంది వెనకపాదం నేలను అంటీ అంటకుండా ఉంటుంది, కొందరిది గాల్లోకే లేస్తుంది. బరువంతా ముందుకాలి మీదకి వెళ్ళిపోయి ఉంటుంది కాబట్టి.

"నడుం తిప్పు" అని చెప్తే 12 ఏళ్ళ పిల్ల ఏం చేస్తుంది? తుంటి, భుజాలు, చేతులు అన్నీ కలిపి తలుపులా ఒక్కసారే తిప్పేస్తుంది. మాస్టారు గారు చెప్పిన చర్నాకోల అక్కడ కర్రయిపోతుంది. మా పెద్దదానికి ఒంటి గురించి చెప్పడం మానేశాను. సెంటర్ ఫీల్డ్ వెనక ఒక చెట్టుంది, "బాల్‌ని ఆ చెట్టు మీదుగా పంపు" అంటాను. ఒళ్ళు దారి అదే వెతుక్కుంటుంది.

లెక్కల పిచ్చి

ఈ గొడవ మీతో మొదలవలేదు. 1941లో .406 బ్యాటింగ్ సగటు కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ జీవితమంతా తుంటే ముందు అన్నాడు. బ్యాటింగ్ కోచ్ చార్లీ లావ్ మాత్రం ఒంటి బరువు వెనక నుంచి ముందుకి జరగడమే ప్రాణం అన్నాడు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 కొట్టాడు. ఇద్దరివీ పనిచేశాయి.

అసలు వేగం ఎందుకంటే, బాల్ ఎంత స్పీడుతో బయటికి వెళ్తుందో తెలిపే మోటు లెక్క ఒకటుంది: పిచ్చర్ (బాల్ విసిరేవాడు) వేసిన బాల్ వేగంలో 0.2 వంతు, దానికి కలిపి బ్యాట్ వేగానికి 1.2 రెట్లు. అంటే బ్యాట్ వేగం ఒక మైలు పెంచితే వచ్చే లాభం, పిచ్చర్ ఆరు మైళ్ళు పెంచి వేస్తే వచ్చేదానికి సమానం.

కానీ 2024 మే నుంచి అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్ బ్యాట్ వేగాలు బయటపెడుతోంది. ఆ ఏడాది సగటు 72 మైళ్ళ దరిదాపుల్లో. జియాన్‌కార్లో స్టాంటన్ 81. లూయిస్ అరాయెజ్ దాదాపు 63, లీగ్‌లో అట్టడుగు. ఆ అట్టడుగువాడే 2022, 2023, 2024 మూడేళ్ళూ బ్యాటింగ్ టైటిల్ (అత్యధిక బ్యాటింగ్ సగటుకి ఇచ్చేది) గెలిచాడు, మూడు వేర్వేరు టీమ్‌లకు ఆడి. 2024లో అతని హోమ్‌రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) నాలుగే అనుకోండి. స్వింగ్ పొట్టి, బాల్‌ని సరిగ్గా బ్యాట్ మధ్యలో తగిలిస్తాడు. కాబట్టి ఆ సెన్సర్ కాస్త పక్కన పెట్టండి అన్నా, 46 అనేది పాప మార్కుల లిస్టు కాదు.

నిజామాబాద్ శారద

అరాయెజ్‌ని చూపించి పిల్లల్ని మెల్లగా ఊపమనకండి దయచేసి. వేగం ఉన్నవాళ్ళు కాసేపు ఎక్కువ చూసి ఆలస్యంగా మొదలుపెట్టగలరు, ఆ లాభం కూడా ఉంది.

అన్నట్టు, బ్యాట్ సైజు ఎంతండీ?

అమ్మాయి నాన్న, డల్లాస్

32 అంగుళాలు, 23 ఔన్సులు. పెరిగే పిల్ల కదా అని కొంచెం పెద్దదే తీసుకున్నా. ఆడే ముందు బ్యాట్‌కి బరువు రింగు తగిలించి పదిసార్లు ఊపిస్తున్నా కూడా.

నిజామాబాద్ శారద

అయ్యో అన్నయ్యా! అది స్కూల్ బూట్లు కొన్నట్టు కొనేది కాదు. రింగు తీశాక బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది, అంతే. కొలిచి చూసినవాళ్ళకి తర్వాతి స్వింగ్ నెమ్మదైనట్టే తేలింది.

మెకానికల్ మాస్టారు

ఇది నేను ముందే అడగాల్సింది. కాటా మీద తూగే బరువొక్కటే కాదు, ఆ బరువు చేతులకి ఎంత దూరంలో ఉందన్నది కూడా ముఖ్యం. పొడుగు బ్యాట్‌లో అది కొస వైపు జరుగుతుంది, తిప్పడం కష్టం. ఇంట్లో ఇప్పుడే చూసుకోవచ్చు, హ్యాండిల్‌ని రెండంగుళాలు పైన పట్టుకుని ఊపమనండి. మరీ తేలికైతే బాల్‌కి తగిలే దెబ్బ తగ్గుతుంది, కానీ పాప ఇంకా ఆ హద్దుకి చాలా ఇవతలే ఉంది.

అమ్మాయి నాన్న, డల్లాస్

రెండు వారాల తర్వాత వస్తున్నా. టీమ్‌లో ఒక అమ్మాయి పాత బ్యాట్ అడిగి తెచ్చాం, 30 అంగుళాలు, 20 ఔన్సులు. మొదటి రోజే 49, ఇప్పుడు 50 దాటుతోంది. ఆదివారం క్లాసు మాన్పించాను. టీమ్ కోచ్ మణికట్టు గురించి ఇంకా చెప్తూనే ఉన్నాడు, పిల్ల తల ఊపి తన పని తాను చేసుకుంటోంది. మా పార్కులో చెట్టు లేదు, లైటు స్తంభం చూపిస్తున్నా. వీడియో తీయబోతే మాత్రం "నాన్నా, ఫోన్ లోపల పెట్టు" అంది.

చిర్రగోనె

అంటే నడుం అదే, కాళ్ళు అవే, చేతుల్లో బరువు తగ్గగానే వేగం పెరిగింది. నేను మొదటి రోజు చెప్పిందేగా!