అన్నయ్య మందు మానేస్తానంటున్నాడు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కి ఎలా వెళ్లాలి?

ప్రశ్న:
మాది విజయవాడ. అన్నయ్యకి నలభై దాటాయి, ఆటో స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. కొన్నేళ్లుగా రోజూ తాగుతున్నాడు, ఈమధ్య పొద్దున లేవగానే కూడా పడాల్సిందే, లేకపోతే చేతులు వణుకుతాయి. మొన్న తనంతట తనే "ఇక మానేస్తాన్రా, ఏవో మీటింగులుంటాయంట, కనుక్కో" అన్నాడు. ఈ మాట తన నోటి నుంచి రావడం ఇదే మొదటిసారి, అందుకే ఆలస్యం చేయాలని లేదు. ఎలా కనుక్కోవాలి, ఫీజెంత, ఆధార్ అడుగుతారా, బజార్లో అందరికీ తెలిసిపోతుందా? చర్చిలో జరుగుతాయని విన్నాం, మేం హిందువులం, ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు 1 (ఏఏ సభ్యుణ్ణి, మానేసి చాలా ఏళ్లయింది):
తమ్ముడూ, ముందు ఫీజు సంగతి. రూపాయి కూడా లేదు. ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. 1935లో అమెరికాలో మొదలైంది, ఇందులో చేరడానికి ఉన్న షరతు ఒక్కటే, తాగుడు మానాలనే కోరిక ఉండాలి. ఆధార్ అడగరు, ఇంటిపేరు కూడా అడగరు. మీటింగ్‌లో ఒక సంచి తిప్పుతారు, హాలు అద్దెకి, టీకి సభ్యులే తలా కొంత వేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు వేయక్కర్లేదు. ఎవరైనా "అడ్వాన్స్ కట్టండి, అడ్మిట్ చేసుకుంటాం" అంటే అది ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్, ఏఏ కాదు. ఆ రెండూ కలిపేసుకుని డబ్బులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్ నంబరు ఉంటాయి. సైట్ చూసి నేరుగా వెళ్లిపోకండి, హాళ్లు, టైములు మారుతుంటాయి, ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోండి. ఆ ఫోన్ మీరు కలిపిచ్చినా మాట్లాడేది మాత్రం అన్నయ్యే అయితే మంచిది. అవతల మాట్లాడేది ఎవరో ఆఫీసర్ కాదు, ఒకప్పుడు ఇలాగే తాగి మానేసిన మనిషి. ఆ గొంతు వినడమే సగం ధైర్యం. ఓపెన్ మీటింగ్ అయితే మీరూ పక్కన కూర్చోవచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకి మాత్రమే, అప్పుడు మీరు బయటే ఉండాలి.

లోపల గంటా గంటన్నర ఉంటుంది. ఒక్కొక్కరు తమ కథ చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు, నీతులు చెప్పరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే "ఈరోజు వింటాను" అంటే చాలు. చర్చి హాలు గానీ స్కూలు గది గానీ తక్కువ అద్దెకి దొరుకుతుందని తీసుకుంటారంతే, ఏఏ ఏ మతానికీ చెందదు. దేవుడి ప్రస్తావన వస్తుంది, ప్రార్థన కూడా ఉంటుంది, కానీ ఎవరి దేవుడు వాళ్లదే, నమ్మకం లేనివాళ్లూ వస్తారు. ఇక అక్కడ తెలిసినవాళ్లు కనపడితే ఎలా అన్న భయం అందరికీ ఉంటుంది. వాళ్లూ అదే పని మీద వచ్చారు కదా, అక్కడ చూసింది, విన్నది బయట చెప్పకూడదన్నది మాకు గట్టి కట్టుబాటు.

జవాబు 2 (డీ అడిక్షన్ వార్డులో నర్సుని):
అండీ, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయన్నారు, అందుకే రాస్తున్నాను. దయచేసి ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పినట్టు మాట్లాడటం, లేనివి కనిపించడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, రోజుకెంత తాగుతున్నాడో దాచకుండా చెప్పండి, మందుల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. మందులు వాడుతూనే మీటింగులకి వెళ్లొచ్చు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తెచ్చివ్వకండి. 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, తెలుగులోనే ఫోన్ చేయొచ్చు, వ్యసనాలకి విడిగా 14446 ఉంది, రెండూ ఉచితమే.

ఇంకొకటి, "తెలియకుండా కూరలో కలపండి" అని పొడులు అమ్ముతుంటారు. వాటి జోలికి వెళ్లకండి. అందులో ఏముంటుందో తెలీదు. డైసల్ఫిరామ్ లాంటిది, అంటే అది వాడుతూ తాగితే ఒంటికి పడకుండా చేసే మందు, ఉండి, ఆ సంగతి తెలియక ఆయన తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, రేపే ఓపీకి తీసుకెళ్తాను. మా వదిన గురించి కూడా అడగాలి, సరిగ్గా నిద్రపోవట్లేదు, ఆయన మీద కోపం, భయం రెండూనూ.

జవాబు 3 (నా భర్త తాగేవారు):
మీ వదినగారి కోసం ఆల్-అనాన్ ఉంది, 1951 నుంచి నడుస్తోంది, తాగేవాళ్ల కుటుంబాల కోసమే. ఆయన మానేసినా మానకపోయినా ఆవిడ వెళ్లొచ్చు. నేనూ రోజంతా సీసాలు వెతకడం, ఆయన అప్పులు నేను తీర్చడం, చుట్టాలకి అబద్ధాలు చెప్పడం, ఇదే బతుకనుకునేదాన్ని. అక్కడ ఆడవాళ్లు అచ్చం అవే మాటలు చెబుతుంటే విన్నాక రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది. దగ్గర్లో గ్రూపు లేకపోతే ఆన్‌లైన్‌లో ఉంటాయి, వీడియో ఆపేసుకుని కూడా వినొచ్చమ్మా అని చెప్పండి.

జవాబు 1 మళ్లీ:
తమ్ముడూ, ఒక్క మీటింగ్‌తో తేల్చుకోవద్దు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోదానికి వెళ్లమను. వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోమను, తాగాలనిపించినప్పుడు గ్లాసు కంటే ముందు ఫోన్ తీయడానికి అవే ఆధారం. మధ్యలో జారినా సరే, మళ్లీ వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ నిలదీయరు. షాపు మూసే వేళే ఆయనకి కష్టమైతే ఆ వేళకి ఉన్న మీటింగే వెతుకు, అన్నం తినిపించి తీసుకెళ్లు, ఖాళీ కడుపుతో ఉంటే తాగాలన్న యావ ఇంకా పెరుగుతుంది.