జెడెవియన్ క్లౌనీ: నంబర్ వన్ పిక్, ఏడు జట్లు. ఫెయిలైనట్టా కాదా?

కేటీ_కుర్రాడు
2025 సెప్టెంబర్‌లో కౌబాయ్స్ క్లౌనీని తీసుకున్నప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. అక్కడ తెగట్లేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. తెలియనివాళ్ల కోసం: ఇది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ సంగతి. కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్, కిందటి ఏడాది అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి వంతు. 2014 డ్రాఫ్ట్‌లో మా హ్యూస్టన్ టెక్సన్స్ మొట్టమొదటి పిక్‌తో తీసుకున్న డిఫెన్సివ్ ఎండ్ (డిఫెన్స్ వరసలో చివర నిలబడేవాడు) ఇతను. తర్వాత సీహాక్స్, టైటన్స్, బ్రౌన్స్, రేవెన్స్, పాంథర్స్, 2025లో డల్లాస్ కౌబాయ్స్. మొత్తం ఏడు జట్లు. 2024 దాకా 11 సీజన్లలో 58 సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపు పడగొడితే అది సాక్), ఆ 11లో ఒక్క ఏడాది కూడా 10 అందుకోలేదు. రెండుసార్లు 9.5 దగ్గర ఆగిపోయాడు. నంబర్ వన్ పిక్‌కి ఇది చాలా? నా ఓటు ‘చాలదు’కే. మీరేమంటారు?

గచ్చిబౌలి_బ్లిట్జ్
చాలదనే నేనూ అంటా. అదే డ్రాఫ్ట్‌లో 5వ పిక్ ఖలీల్ మాక్, 13వ పిక్ ఆరన్ డోనాల్డ్. మాక్ 2016లో డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్, డోనాల్డ్ 2017, 2018, 2020ల్లో. ఇద్దరూ కెరీర్‌లో 100 సాక్‌లు దాటినవాళ్లు. ఈయన పేరు వాళ్లిద్దరికంటే ముందు పిలిచారు. ఇంకేం మాట్లాడతాం?

మూడో_డౌన్
ఆరన్ డోనాల్డ్ పక్కన నిలబెడితే ఎవడైనా ఫెయిలే బ్రో. ఆ ఏడాది 2వ పిక్ గ్రెగ్ రాబిన్సన్, 3వ పిక్ బ్లేక్ బోర్టల్స్. వాళ్ల గురించి ఎవరూ థ్రెడ్ కూడా తెరవరు. అసలు ఫెయిలైన నంబర్ వన్ డిఫెన్స్ ఆటగాడు ఎలా ఉంటాడో చూడాలంటే 2000లో బ్రౌన్స్ తీసుకున్న కోర్ట్‌నీ బ్రౌన్‌ని చూడండి, గాయాల మీద గాయాలు, కెరీర్ మొత్తం కలిపి 19 సాక్‌లు. క్లౌనీ మూడుసార్లు ప్రో బౌల్‌కి (లీగ్ ఆల్-స్టార్ జట్టుకి) వెళ్లాడు, 2016, 17, 18, వరుసగా. ఇద్దరినీ ఒకే గాటన ఎలా కడతారు?

రెడ్‌జోన్_పద్మ
అసలు సమస్య ఆ ఒక్క వీడియో. 2013 జనవరి 1, టాంపాలో ఔట్‌బ్యాక్ బౌల్ అనే కాలేజీ మ్యాచ్, క్లౌనీ ఆడే సౌత్ కరోలినాకి, మిషిగన్‌కి మధ్య. క్లౌనీని ఎవరూ అడ్డుకోలేదు, బంతి చేతికి అందీ అందగానే మిషిగన్ రన్నర్ విన్సెంట్ స్మిత్‌ని గుద్దేశాడు, హెల్మెట్ ఎగిరిపోయింది, బంతి జారింది, దాన్ని కూడా తనే ఒంటిచేత్తో అందుకున్నాడు. ఆ నాలుగు సెకన్లు టీవీల్లో ఎన్నిసార్లు తిప్పారంటే, తర్వాతి కాలేజీ సీజన్ అసలు ఆడకుండా డ్రాఫ్ట్ కోసం ఒళ్లు కాపాడుకోవాలా అని పెద్ద పెద్ద వాళ్లు చర్చలు పెట్టారు. ఆడాడు, కానీ కిందటి ఏడాది 13 సాక్‌లు చేసినవాడు ఆ ఏడాది మూడే చేశాడు. అయినా డ్రాఫ్ట్ ముందు పరీక్షల్లో 40 గజాలు 4.53 సెకన్లలో పరిగెత్తాడు, ఆరడుగుల ఐదంగుళాల మనిషి. ఇక టెక్సన్స్ ఆగుతారా!

జనం ఆ నాలుగు సెకన్లని పదేళ్లు ప్రతి ఆదివారం చూడాలనుకున్నారు. అది ఎవరి వల్లా కాదు.

కేటీ_కుర్రాడు
పద్మ గారూ, జనం ఆశలు పక్కన పెడదాం. జట్ల లెక్క చూడండి. 2018 సెప్టెంబర్‌లో బేర్స్ ఖలీల్ మాక్ కోసం రెయిడర్స్‌కి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చారు. సరిగ్గా ఏడాదికి, 2019 ఆగస్టు చివర్లో, టెక్సన్స్ క్లౌనీని సీహాక్స్‌కి పంపితే వచ్చిందేంటి? ఒక థర్డ్ రౌండ్ పిక్, జేకబ్ మార్టిన్, బార్కేవియస్ మింగో. పైగా అతని జీతంలో 7 మిలియన్ డాలర్లు టెక్సన్సే కట్టి మరీ పంపారు. మార్కెట్ తేల్చిన ధర అది, నేను చెప్పింది కాదు.

మూడో_డౌన్
ఆ ధర ఎందుకు పడిపోయిందో కూడా చెప్పాలి కదా. ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి ఇంకో ఏడాది తమ దగ్గరే ఉంచుకునే హక్కు) వేశారు, అతను సంతకం పెట్టలేదు, సంతకం లేకుండా ట్రేడ్ కుదరదు, అంటే ఎక్కడికి వెళ్లాలో దాదాపు అతని ఇష్టమే. పైగా దీర్ఘకాల ఒప్పందం చేసుకునే గడువు జులైలోనే అయిపోయింది, కొన్నవాడికి ఒక్క ఏడాదే దక్కుతుంది. మళ్లీ ట్యాగ్ వేయబోమని సీహాక్స్ మాట కూడా ఇచ్చారు. సీజన్ వారంలో మొదలవుతుందనగా అమ్మితే ఎవడు ఎక్కువ ఇస్తాడు? అది టెక్సన్స్ కోచ్ బిల్ ఓబ్రయన్ చేసిన బేరం. దాన్ని ఆటగాడి నెత్తిన రుద్దుతారేం.

షుగర్‌ల్యాండ్_మావయ్య
మీరంతా సాక్‌లు, డాలర్లు అంటున్నారు. నేను 2016, 2017ల్లో టెక్సన్స్ మ్యాచ్‌లు ఒక్కటీ వదలకుండా చూసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

మొదట మోకాలు. 2014లో మొదటి మ్యాచ్, వాషింగ్టన్ మీద, మెనిస్కస్ చిరిగింది. మళ్లీ వచ్చాడు, నొప్పి తగ్గలేదు, డిసెంబర్‌లో మైక్రోఫ్రాక్చర్ సర్జరీ. ఎముకకి చిన్న చిన్న చిల్లులు పెట్టి అక్కడ కొత్త కణజాలం పెరిగేలా చేస్తారు, ఆ ఆపరేషన్ తర్వాత మునుపటి వేగం అందుకోనివాళ్లు చాలామంది. 21 ఏళ్లకి అది చేయించుకుని రెండేళ్లలో ఆల్-ప్రో (ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జాబితా) రెండో జట్టులోకి వచ్చాడు. 2016లో మా డిఫెన్స్ స్టార్ జేజే వాట్ మూడు మ్యాచ్‌లకే వెన్ను నొప్పితో కూర్చున్నాడు, అయినా ఎదుటి జట్లకి అతి తక్కువ గజాలు ఇచ్చిన లెక్కలో టెక్సన్స్ డిఫెన్స్ లీగ్‌లో మొదటి స్థానం. క్లౌనీ సాక్‌లు ఆ ఏడాది ఆరే! కానీ బంతి పట్టుకున్నవాణ్ణి ఆట మొదలైన గీత వెనకే పడగొట్టింది చూడండి: ఆ రకం టాకిల్స్ 2016లో 16, 2017లో 21, 2018లో 16.

రన్ (బంతి పట్టుకుని పరిగెత్తడం) ఆపేవాడి మీద ఎవరికీ మోజు లేదు, అదే ఇతని ఖర్మ. కబడ్డీలో కార్నర్ వాడు రైడర్‌ని మూలకి తోలితే కవర్ వాడు వచ్చి పట్టేస్తాడు, పాయింటు పట్టినవాడికి. క్లౌనీ చేసే పని చాలాసార్లు ఆ కార్నర్ పనే. ఎదుటి జట్టులో తనకి అడ్డంగా నిలబడ్డవాణ్ణి వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి రన్నర్ దారి మూసేస్తాడు, వాడు లోపలికి తిరిగి ఇంకొకడి చేతిలో పడతాడు. లెక్కల షీట్‌లో క్లౌనీ పేరే ఉండదు.

2017 జనవరి ప్లేఆఫ్ మ్యాచ్ గుర్తుందా? క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ కాలు విరిగితే రెయిడర్స్ అతని బదులు కానర్ కుక్‌తో దిగారు. అతను విసిరిన బంతిని క్లౌనీ గాల్లోనే చేత్తో లేపి తనే పట్టుకున్నాడు, అక్కడే మ్యాచ్ మనవైపు తిరిగింది. 27-14. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లెవరైనా ఇతన్ని ఫెయిల్యూర్ అంటే నేను నమ్మను.

గచ్చిబౌలి_బ్లిట్జ్
మావయ్య గారూ, బాగా రాశారు, కానీ మీరు చెప్పింది 2018తో అయిపోయింది. తర్వాత? 2020లో టైటన్స్ ఒక్క ఏడాదికి 12 మిలియన్లు పోశారు, ఎనిమిది మ్యాచ్‌లు, సున్నా సాక్‌లు, మళ్లీ మోకాలు. 2022లో బ్రౌన్స్‌తో రెండు సాక్‌లు, చివర్లో ప్రెస్ ముందు జట్టు మీద అసంతృప్తి కక్కేసరికి ఆఖరి మ్యాచ్‌కి ఇంటికి పంపేశారు. ఒక జట్టు దగ్గర నాలుగేళ్లు నిలవనివాడు అందరి దగ్గరా ఏదో గొడవో గాయమో పెట్టుకుంటున్నాడంటే తప్పు జట్లదా?

రెడ్‌జోన్_పద్మ
నిలవలేదు అనకండి, టెక్సన్స్ దగ్గర అయిదేళ్లు ఉన్నాడు. బ్రౌన్స్ అయినా 2021లో తొమ్మిది సాక్‌లు చూశాకే రెండో ఏడాదికి మళ్లీ పిలిచారు. మధ్యలో సీహాక్స్‌ని వదిలేశారేం? ఆ ఏడాది సాక్‌లు మూడే, నిజం. కానీ అప్పటికి ఓటమే లేని ఫార్టీనైనర్స్‌ని సోమవారం రాత్రి వాళ్ల ఊళ్లోనే ఓడించిన మ్యాచ్‌లో జారిన బంతి అందుకుని టచ్‌డౌన్ చేసింది ఇతనే. అదే సీజన్ ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ని కొట్టిన దెబ్బకి వెంట్జ్ బయటికెళ్లాడు, ఈగల్స్ 40 ఏళ్ల మెకౌన్‌తో ఆడి 17-9తో ఓడారు. ఆ దెబ్బ న్యాయమా అన్యాయమా అన్నది ఫిలడెల్ఫియాలో ఉన్న మా అన్నయ్యతో ఇప్పటికీ మాట్లాడలేను.

కేటీ_కుర్రాడు
అంటే మూడు సాక్‌లు, రెండు హైలైట్లు. మళ్లీ వీడియో దగ్గరికే వచ్చాం.

షుగర్‌ల్యాండ్_మావయ్య
అబ్బాయ్, రేవెన్స్ సంగతి చెప్పు మరి. 2023 ఆగస్టులో రెండున్నర మిలియన్లకి వచ్చాడు, 30 ఏళ్ల వయసు, 9.5 సాక్‌లు, జట్టు ఏఎఫ్‌సీ ఫైనల్ (గెలిస్తే సూపర్ బౌల్‌కే) దాకా వెళ్లి చీఫ్స్ చేతిలో 17-10తో పోయింది. ఆ డబ్బుకి ఆ ఆట ఆడే ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు) ఎక్కడ దొరుకుతాడు? మరుసటి ఏడాది పాంథర్స్ రెండేళ్లకి 20 మిలియన్లు రాసిచ్చారు. ఒక్క ఏడాదికే వదిలేసుకోవడం వాళ్ల ఇష్టం. పన్నెండో సీజన్‌లో కూడా ఫోన్ వస్తోందంటే కోచ్‌లకి ఫిల్మ్‌లో ఏదో కనిపిస్తున్నట్టే. ఎన్ఎఫ్ఎల్‌లో జాలితో ఎవరూ చెక్కు రాయరు.

మూడో_డౌన్
ఇంకో ముచ్చట. క్లౌనీకి బదులు వచ్చిన ఆ మింగో కూడా 2013లో 6వ పిక్, అతనూ ఊరూరా తిరిగినవాడే. కానీ మధ్యలో ఒక్క ఏడాది పేట్రియట్స్‌తో ఉన్నాడు, అదే సూపర్ బౌల్‌లో 28-3తో వెనకబడి కూడా గెలిచిన ఏడాది. సూపర్ బౌల్ ఉంగరం మింగో దగ్గర ఉంది. ఉంగరాలతో తూకం వేస్తే మింగోనే గొప్ప అనాలి.

గచ్చిబౌలి_బ్లిట్జ్
సరే, ఫెయిల్యూర్ అనను, ‘మంచి ఆటగాడు, తప్పు పిక్’ అంటా. 2-14తో (రెండు గెలుపులు, 14 ఓటములు) నంబర్ వన్ పిక్ తెచ్చుకున్న జట్టుకి అప్పుడు కావలసింది క్వార్టర్‌బ్యాక్.

షుగర్‌ల్యాండ్_మావయ్య
దానికి క్లౌనీ ఏం చేశాడయ్యా? రెండో రౌండ్‌లో 33వ పిక్ కూడా మనదే, దాంతో సుఆ-ఫిలో అని ఒక గార్డ్‌ని తీసుకున్నారు. మూడు పిక్‌ల తర్వాత డెరెక్ కార్‌ని రెయిడర్స్ ఎత్తుకుపోయారు.

కేటీ_కుర్రాడు
2002లో వాళ్ల అన్న డేవిడ్ కార్‌తో పడ్డ బాధ తర్వాత హ్యూస్టన్‌లో ఆ ఇంటిపేరు ఎవరు పలుకుతారు మావయ్యా. కార్ గొడవకి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ క్లౌనీ ఒక్కడే. నా ఓటు ఇంకా ‘చాలదు’కే ఉంది, కౌబాయ్స్ ఫ్యాన్స్ ఎవరూ ఇంకా నోరు విప్పలేదు, డల్లాస్ పక్కన ఫ్రిస్కో వాళ్లు రండి.