నలభై దాటాక ఎలక్ట్రానిక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి?

చీనీతోట (అనంతపురం)
బీకాం చదివి ఎరువుల షాపులో లెక్కలు రాసుకునే మనిషిని. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ ఆశ. ఇంట్లో రేడియో విప్పితే నాన్న వీపు విమానం మోత మోగించేవాడు, అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. వీడియోలు చూస్తున్నాను. చూసినంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఫోన్ పక్కన పెట్టాక ఏమీ మిగలదు. మా తమ్ముడి కొడుకు ఆర్డునో (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న బోర్డు) కొనమంటాడు. షాపుకు వచ్చే ఒకాయన ముందు థియరీ అంటాడు. పెద్దయ్యాక మొదలుపెట్టి దారిలో పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఏం కొన్నారో, ఏం చేశారో చెప్పండి. కర్నూలు, కడప వాళ్లైనా సరే.

స్టార్టర్ డబ్బా (తాడిపత్రి వైపు)
అన్నా, నువ్వు ఆశతో అడుగుతున్నావు, నేను గతిలేక నేర్చుకున్నాను. వేరుశనగ ఊడలు దిగే టైములో బోరు స్టార్టర్ మొరాయించి, మెకానిక్ వస్తా వస్తా అంటూ సాయంత్రం చేస్తే ఎవరికైనా విద్య దానంతటదే వస్తుంది.

ముందు కిట్లు ఏవీ కొనకు. వోల్టులు, కరెంటు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటరు ఒకటి కొను, చవకదే చాలు. బీప్ మోడ్‌లో పెట్టి ఇంట్లో పాడైన ఛార్జరు వైర్లు, టార్చిలైటు స్విచ్చి, గాజు ఫ్యూజులు ఒక్కొక్కటీ చూడు. బీప్ వస్తే దారి ఉంది, రాకపోతే ఎక్కడో తెగింది. వైరు పైకి బాగానే కనిపిస్తుంది, పిన్ను దగ్గర వంచినప్పుడు మాత్రం బీప్ వచ్చి పోతుంటుంది. అది నీ చేత్తో పట్టుకున్న రోజు ఈ విద్య మీద భయం సగం పోతుంది.

స్టార్టర్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. అది త్రీఫేజు, 415 వోల్టులు. తప్పు చేస్తే రెండో ఛాన్సు ఉండదు.

జేఎన్‌టీయూ బెంచి (అనంతపురం)
నేను వేరే మాట చెప్తా సార్. ఆర్డునో ఊనో కొనేయండి. మొదటి రోజే లైటు మిణుకుమంటుంది, ఉత్సాహం వస్తుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లు అంటూ నెలలు కూర్చుంటే బోర్ కొట్టి వదిలేస్తారు. మా క్లాసులోనే చాలామందికి అదే అయింది.

డ్రై సోల్డర్ (కర్నూలు)
తమ్ముడూ, లైటు మిణుకుమనేది నీ ప్రోగ్రాం వల్ల. వైర్లలో ఏం జరిగిందో దాంట్లో ఏం తెలిసింది? ఊనో ఒక పిన్ను నుంచి హాయిగా ఇవ్వగలిగేది 20 మిల్లీఆంపియర్లు, 40 దాటితే చిప్పు పోవచ్చు. బొమ్మకారు మోటారు తిప్పాలన్నా మధ్యలో చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే ట్రాన్సిస్టర్ కావాలి, మోటారుకు అడ్డంగా కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడ్ కావాలి. అప్పుడు మళ్లీ మొదటికే రావాలి కదా. కుర్రాళ్లకు ముందు ఆట, తర్వాత పాఠం అయినా నడుస్తుంది. పెద్దవాళ్లకు ఎందుకు అన్నది తెలియకపోతే ముద్ద దిగదు.

నాది టీవీ రిపేరు పని. పాత డబ్బా టీవీలు పోయాక చేతినిండా ఖాళీయే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

సోల్డరింగ్ అందరూ తొందరపడే చోటు. 25 వాట్ల ఐరన్ చాలు. వేడి ముల్లు మీద లెడ్డు (సోల్డర్ తీగను మేం అలాగే అంటాం) కరిగించి, ఆ బొట్టును తీసుకెళ్లి బోర్డు మీద అంటించడం చూస్తుంటాను. అలా అంటదు. ముల్లు బోర్డు మీది రాగికీ, పార్టు కాలుకీ రెండింటికీ తగలాలి. రెండూ వేడెక్కాక లెడ్డును ఆ జాయింటుకే అందించాలి, అది తానే పాకి కాలు చుట్టూ పరుచుకుంటుంది. చల్లారే లోపు కాలు కదిలిందా, జాయింటు పైకి మసకగా, గరుకుగా మారుతుంది. దాన్నే డ్రై సోల్డర్ అంటాం. నెత్తిన తడితే పనిచేసే టీవీల్లో సగం జబ్బు అదే. మామూలు 60/40 లెడ్డులో సీసం 40 శాతం ఉంటుంది. కిటికీ తెరిచి కూర్చోండి, పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు.

ఇంకొకటి, మీటరులో ఎర్ర వైరు పెట్టే రంధ్రాలు రెండు ఉంటాయి. 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు వదిలేసి వోల్టేజీ కొలవబోతే అది కొలత కాదు, షార్టు. చవక మీటర్లలో చాలావాటికి ఆ దారిలో ఫ్యూజు కూడా ఉండదు. అందుకే బ్యాటరీలకు తప్ప ఇంటి కరెంటుకు వాటిని పెట్టొద్దంటాను.

ఏడురోడ్ల టీచరు (కడప)
హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. థియరీ అంటే అందరూ జడుసుకుంటారు కానీ, మొదటి ఆరు నెలలకు పదో తరగతి విద్యుత్తు పాఠం దాటి ఏమీ అవసరం లేదండీ. తెలుగు మీడియం పుస్తకమే తెచ్చుకోండి. 1827లో ఓమ్ రాసిన సంబంధం ఒక్కటి చేతికి వస్తే చాలు: వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు, కరెంటుతో భాగిస్తే నిరోధం.

బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా పార్టులు గుచ్చే పలక) మీద 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్ఈడీ, కరెంటును అదుపు చేసే రెసిస్టర్ ఒకటి వరుసగా కలపండి. ఎల్ఈడీ తన వాటాగా సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగతా 7 రెసిస్టర్ మీద పడాలి. 15 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 7ను 0.015తో భాగించండి, 467 వస్తుంది. షాపులో 467 ఓమ్‌లది అడిగితే నవ్వుతారు, దొరికేది 470. దాని మీది రంగు చారలతో గుర్తుపట్టండి: పసుపు, ఊదా, గోధుమ, చివర బంగారు చార.

వెలిగాక అక్కడ ఆపొద్దు. ఎల్ఈడీ మీద ఎన్ని వోల్టులు, రెసిస్టర్ మీద ఎన్ని అని కొలిచి కూడండి. బ్యాటరీ వోల్టేజీకి సరిపోవాలి. 1845లో కిర్కాఫ్ చెప్పింది ఇదే. మీరు లెక్కలు రాసే మనిషి కదా, జమాఖర్చు టాలీ చేసినట్టే అనుకోండి.

ఓర్వకల్లు ఎండ (కర్నూలు జిల్లా)
నేను సోలార్ వైపు నుంచి వచ్చాను. మా దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు పెట్టినప్పటి నుంచి ఆ పలకల మీద కుతూహలం. చిన్న ప్యానెల్ ఒకటి కొని మీటరు పెడితే 12 వోల్టులని రాసున్నది 21 చూపించింది. మోసం అనుకున్నాను. అందులో 36 సెల్లులు, లోడు లేనప్పుడు ఒక్కోటీ 0.6 దాకా ఇస్తుందని తర్వాత తెలిసింది. మే నెల మధ్యాహ్నం కొలిస్తే ఆ 21 కూడా తగ్గింది. ఎండ ఎక్కువైతే కరెంటు పెరుగుతుంది, ప్యానెల్ వేడెక్కితే వోల్టేజీ పడిపోతుంది. కర్నూలు ఎండలో రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

చీనీతోట (అనంతపురం)
టీచరు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. వెలిగింది. ఇంట్లో వాళ్లకు చూపిస్తే ఇంతేనా అన్నారు, అది వేరే సంగతి. కానీ టాలీ కాలేదండీ. బ్యాటరీ విడిగా కొలిస్తే 9.2. ఎల్ఈడీ మీద 2.0, రెసిస్టర్ మీద 6.85. కూడితే 8.85. మిగతా 0.35 ఎటు పోయింది? మీటరు చవకది కాబట్టా?

ఏడురోడ్ల టీచరు (కడప)
మీటరును ఏమీ అనకండి, మంచి ప్రశ్న అడిగారు. ఎల్ఈడీ వెలుగుతుండగా బ్యాటరీ రెండు కొసల మీద కొలిచి చూడండి.

చీనీతోట (అనంతపురం)
8.85! ఎల్ఈడీ తీసేస్తే మళ్లీ 9.2.

ఏడురోడ్ల టీచరు (కడప)
చూశారా, లోటు బ్యాటరీ లోపలే ఉంది. దానికీ సొంత నిరోధం ఉంటుంది. రెసిస్టర్ మీది 6.85ను 470తో భాగిస్తే ప్రవహించే కరెంటు 14.6 మిల్లీఆంపియర్లు. పోయిన 0.35ను 0.0146తో భాగించండి. 24 ఓమ్‌లు వస్తుంది. అది మీ బ్యాటరీ అంతర్గత నిరోధం. ఓమ్స్ మోడ్‌లో పెట్టి బ్యాటరీని నేరుగా కొలవబోకండి, మీటరు పాడవ్వొచ్చు. ఇలా లెక్కతోనే పట్టుకోవాలి.

ఇప్పుడు అదే బ్యాటరీకి బొమ్మ మోటారు కలిపామనుకోండి. మోటారుకు 250 మిల్లీఆంపియర్లు కావాలి. 24 ఓమ్‌ల మీద అంత కరెంటు పోతే 6 వోల్టులు లోపలే ఖర్చు. మోటారుకు మిగిలేది 3. పైన 9 అని రాసుంది కదా, ఎందుకు తిరగదు అని పిల్లలు ఏటా సైన్స్ ఫెయిర్‌లో అడిగేది ఇదే.

జేఎన్‌టీయూ బెంచి (అనంతపురం)
అక్కా, మా లైన్ ఫాలోయర్ (నేల మీద గీత వెంట నడిచే) రోబో కొత్త 9 వోల్టుల బ్యాటరీతో కూడా రెండు అడుగులు వేసి రీసెట్ అయ్యేది. మేము ప్రోగ్రాం తప్పనుకుని రాత్రంతా దాన్నే మార్చాం. ఇదా కారణం?

డ్రై సోల్డర్ (కర్నూలు)
అదే అయ్యుంటుంది. నాలుగు పెన్సిల్ సెల్లులు హోల్డర్‌లో పెట్టి మోటార్లకు విడిగా ఇవ్వు. సెల్లు ఎప్పుడూ ఊరికే కొలవకూడదు, లోడు పెట్టి కొలవాలి. ఆ చిన్న 9 వోల్టుల పెట్టె ఎల్ఈడీలకు, మీటర్లకు తప్ప దేనికీ పనికిరాదని నా అభిప్రాయం.

చీనీతోట (అనంతపురం)
ఇంత దూరం వచ్చాక ఆగలేను. ట్రాన్సిస్టర్ మీద పడదామని ఉంది. అనంతపురంలో విడి పార్టులు ఎక్కడ?

జేఎన్‌టీయూ బెంచి (అనంతపురం)
టవర్ క్లాక్ చుట్టుపక్కల టీవీ, మైకుసెట్ల రిపేరు షాపుల్లో అడగండి సార్. బీసీ547 ట్రాన్సిస్టర్, 1ఎన్4007 డయోడ్ లాంటివి ఉంటాయి. సెన్సర్లు, ఆర్డునో అయితే ఆన్‌లైనే దిక్కు.

డ్రై సోల్డర్ (కర్నూలు)
547 కొన్నాక చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పట్టుకోండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. నమ్మకం లేకపోతే మీటరు డయోడ్ మోడ్‌లో ఎర్ర వైరు మధ్య కాలు మీద, నల్లది అటొకసారి ఇటొకసారి పెట్టండి. రెండు వైపులా 0.6, 0.7 మధ్య చూపిస్తే ట్రాన్సిస్టర్ బాగుంది. షాపువాడి ముందే చూసుకోండి, ఎవరూ ఏమనుకోరు.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
ఇదంతా చదివి నేనూ మీటరు తెచ్చుకున్నా. వాషింగ్ మెషీన్ బోర్డు పోయింది. ప్లగ్గు పీకేసి విప్పొచ్చా?

డ్రై సోల్డర్ (కర్నూలు)
వద్దమ్మా. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే పెద్ద కెపాసిటర్‌లో 325 దాకా నిలుస్తుంది. ప్లగ్గు పీకినా అది వెంటనే పోతుందని నమ్మడానికి లేదు. ఎల్ఈడీ బల్బులు విప్పడం కూడా ఇప్పుడే వద్దు. ఇంట్లో పనిచేయని టీవీ రిమోట్ ఉందా? అది విప్పండి, లోపల ఉండేది 3 వోల్టులే. విప్పే ముందు బటన్ నొక్కుతూ ఫోన్ కెమెరాలో రిమోట్ ముక్కు వైపు చూడండి, అక్కడి ఎల్ఈడీ వెలుగు కంటికి కనిపించదు, కెమెరాకు కనిపిస్తుంది.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
ఏమీ కనిపించడం లేదు సార్.

జేఎన్‌టీయూ బెంచి (అనంతపురం)
కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు ఆ వెలుగును ఆపే ఫిల్టర్ ఉంటుంది అక్కా, సెల్ఫీ కెమెరాతో చూడండి.

పెన్నా ఇసుక (ప్రొద్దుటూరు)
ఆ, వాల్యూమ్ నొక్కితే ఊదారంగులో మెరుస్తోంది! పవర్ బటన్‌కు మాత్రం లేదు.

డ్రై సోల్డర్ (కర్నూలు)
అయితే ఎల్ఈడీ, సెల్లులు బాగున్నాయి. పవర్ బటన్ కింద రబ్బరు మీది నల్ల చుక్క, దాని కింద బోర్డు గీతలు దూదితో తుడవండి. తుడిచాక కూడా రాకపోతే ఆ రబ్బరు చుక్కను ఓమ్స్ మోడ్‌లో కొలిచి అంకె ఇక్కడ పెట్టండి, పనిచేసే బటన్ చుక్క అంకె కూడా పక్కనే.