మెర్ల్ హాగర్డ్ పాటలకు మూలం జైలు జీవితమా, సాధనా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)
నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో మిత్రులతో కలిసి ఇందిరానగర్‌లో పాత అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాటలు వాయిస్తుంటాను. అదే ధోరణిలో తెలుగులో సొంతంగా పాటలు రాయాలని ఉంది. అయితే ఆ పాటలు రాసి పాడిన మెర్ల్ హాగర్డ్ గురించి ఎక్కడ చదివినా ఆయన శాన్ క్వెంటిన్ జైలులో గడిపిన కాలమే ప్రధానంగా కనిపిస్తుంది. అంతటి జీవితం చూడనివారికి అటువంటి పాట సాధ్యం కాదా?

సమాధానం (కోరమంగళ)
జైలు కథకు ఉండవలసిన దానికంటే ఎక్కువ ప్రాధాన్యం దక్కిందని నా అభిప్రాయం. ఆయన 1960లో విడుదలయ్యారు. 1967లో కంట్రీ పాటల ప్రజాదరణ పట్టికలో ఆయనకు మొదటి స్థానం తెచ్చిన తొలి పాట పరారీలో ఉన్న మనిషి గురించినదే అయినా, దానిని రాసినవారు లిజ్ ఆండర్సన్, ఆమె భర్త కేసీ. తల్లి మాట వినని కొడుకు గురించి 1968లో హాగర్డ్ స్వయంగా రాసిన పాటలో ఖైదీకి యావజ్జీవ శిక్ష పడుతుంది. ఆయనకు అటువంటి శిక్ష ఎన్నడూ పడలేదు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకోవడం, ఒంటరిగా పెంచిన తల్లిని బాధపెట్టడం సొంత అనుభవాలే గాని, వాటిని ఎంతవరకు మార్చాలో ఆయనకు తెలుసు. మీరు నేర్చుకోవలసినది అదే.

సమాధానం (యలహంక)
పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ జైలును పూర్తిగా పక్కన పెట్టలేము. అక్కడ ఖైదీగా ఉండగా గాయకుడు జానీ క్యాష్ కచేరీ విన్న అనుభవం తనపై గాఢమైన ప్రభావం చూపిందని హాగర్డే చెప్పుకున్నారు. ఇక గిటారు విషయానికి వస్తే, ఆయన పెరిగిన కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ బార్లలో జనం తాగుతూ, నాట్యమాడుతూ ఉండేవారు కాబట్టి ఆ గోలను చీల్చుకుని వినిపించే ఫెండర్ టెలీకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు అక్కడి వాద్యమైంది. అదే కాలంలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు స్టూడియోలు వయొలిన్ బృందాలతో, కోరస్‌తో పాటను మెత్తబరుస్తుండగా, ఆయన బృందమైన స్ట్రేంజర్స్‌లో గిటారిస్టు రాయ్ నికొల్స్ తక్కువ స్వరాలతో, పదునుగా వాయించేవారు. మీరు ముందుగా నికొల్స్ సోలోలను చెవితో పట్టుకోండి. ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో చూపే రాత) చూసి నేర్చుకుంటే వేళ్లకు వస్తుంది గాని, పాట మధ్యలో ఎక్కడ ఊరుకోవాలో తెలియదు.

సమాధానం (వైట్‌ఫీల్డ్)
ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. మంచి పేరు వచ్చి, సొంత పాటలు బాగా నడుస్తున్న సమయంలోనే హాగర్డ్ 1969లో తొలితరం కంట్రీ గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ పాటలతో జంట ఆల్బమ్ చేశారు. మరుసటి సంవత్సరం ఫిడేలు వాద్యకారుడు బాబ్ విల్స్‌కు నివాళిగా మరొకటి వెలువరిస్తూ, దాని కోసం ముప్పై దాటిన వయసులో ఫిడేలు నేర్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, బాల్యంలో కంట్రీ గాయకుడు లెఫ్టీ ఫ్రిజెల్ పాడే తీరును అనుకరిస్తూనే ఆయన తన గొంతును తీర్చుకున్నారు. ఇలా పెద్దల బాణీని ఇంత శ్రద్ధగా జీర్ణించుకున్న మనిషి మొత్తం మీద 38 పాటలను మొదటి స్థానానికి చేర్చారు, 1994లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు, 2016లో మరణించే వరకు దాదాపుగా వేదిక వదలలేదు. కనుక తెలుగులో రాయదలచిన మీకు హాగర్డ్ ఒక్కరే చాలరు. మన జానపదంలోనో, పాత సినిమా పాటలోనో మీకు నచ్చిన ఒక వాగ్గేయకారుణ్ణి ఎంచుకుని, ఆయన రచనలన్నీ కంఠస్థం చేసి, గిటారు మీద పలికించిన తరువాతే సొంత పల్లవికి కూర్చోండి.