సెలవులకి నీస్ వైపు సముద్రతీరం: ఎండాకాలంలో వెళ్ళాలా, దసరాకా?

ట్రంకురోడ్డు_నెల్లూరు:
అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ, ఐదో తరగతి చదివే పిల్లోడు, మా అత్తమ్మ కలిసి దక్షిణ ఫ్రాన్స్‌లో నీస్ వైపు వెళ్దామనుకుంటున్నాం. యూరప్ అనగానే ఏజెంట్లు నాలుగు దేశాలు బస్సులో తిప్పే ప్యాకేజీ చెప్తున్నారు, మాకది వద్దు. ఒకే ఊళ్ళో దిగి పొద్దున సముద్రంలో ఈత, సాయంత్రం నడక, మధ్యలో కయాకో పడవో, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళేమో మైపాడు పక్కనే పెట్టుకుని ఇంకో సముద్రం చూడ్డానికి లక్షలు పోయడమేంది అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, నిజంగా తేడా ఉంటుందా? మే నెలాఖరా, దసరా సెలవులా? అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు.

కావలి_అక్క:
తేడా చాలా ఉంటుంది తమ్ముడూ. మన దగ్గర సముద్రమంటే ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకోవడమే, అల లాగేస్తుందని పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వం, దాటనివ్వకూడదు కూడా. అక్కడ గాలి లేని రోజున నీళ్ళు కదలవు, ఆటుపోట్లు ఉన్నట్టే తెలియదు, అద్దం పెట్టుకుని తల ముంచితే అడుగున రాళ్ళ మధ్య తిరిగే చేపలు కనిపిస్తాయి. మా పాప ఆ అద్దం తీయమంటే ఏడ్చింది.

కానీ నీస్ ఊళ్ళో బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ బూడిదరంగు గులకరాళ్ళే, మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, రబ్బరు బూట్లు లేకపోతే నడవలేరు. పైగా ఒడ్డు దిగగానే లోతు. పిల్లోడి కోసం రైలెక్కి విల్‌ఫ్రాంష్ వెళ్ళండి, పది నిమిషాలు కూడా పట్టదు, స్టేషన్ బీచ్ పక్కనే, చుట్టూ కొండలుండటంతో అలలు తక్కువ. మెత్తటి ఇసుక కావాలంటే ఆంటీబ్ వైపు సలీస్ బీచ్, అక్కడ చాలా దూరం దాకా లోతుండదు. అత్తమ్మగారికి నీస్‌లోనే ప్రొమెనాడ్ దేజాంగ్లే ఉంది, సముద్రం వెంబడి 7 కిలోమీటర్లు చదునుగా పోతుంది, నీలం కుర్చీలు వేసుంటాయి, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ డబ్బులడగరు.

దయచేసి పిల్లోడికి ముందు ఇక్కడే ఈత నేర్పించండి. ఎర్ర జెండా ఎగరేసిన రోజు మాత్రం నీళ్ళ జోలికి పోవద్దు.

కొత్తపట్నం_బస్సు:
నేనైతే దసరాకే వెళ్ళమంటాను బ్రదర్. మే నెలలో ఎండ చూసి మోసపోతారు, గాలి వెచ్చగానే ఉంటుంది గానీ నీళ్ళు 18 డిగ్రీల దగ్గరుంటాయి, మన కొత్తపట్నం నీళ్ళకి అలవాటు పడ్డ ఒంటికి అది వణుకే. ఆ సముద్రం నిదానంగా కాగుతుంది, నిదానంగా చల్లారుతుంది, అందుకే సెప్టెంబర్ చివర్లో కూడా 22 దాకా ఉంటుంది. జూలై ఆగస్టుల్లో ఇంకా వెచ్చగా ఉంటుంది కానీ ఫ్రాన్స్ వాళ్ళందరికీ అప్పుడే సెలవులు, బీచ్‌లో తువ్వాలు పరిచే చోటుండదు, రూమ్ రేట్లు చెప్పక్కర్లేదు. దసరా అక్టోబర్లోకి జరిగిన ఏడాది వాన సంగతి చూసుకోవాలి. 2015 అక్టోబర్ మొదట్లో కేన్స్ వైపు ఒక్క రాత్రి వానకే వరదలొచ్చి ప్రాణాలు పోయాయి.

నడక ఇష్టమైతే విల్‌ఫ్రాంష్ పక్కనే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కాప్ ఫెరా అనే కొండనేల చుట్టూ దారి వదలొద్దు. సుమారు 6 కిలోమీటర్లు, ఒకపక్క సున్నపురాళ్ళు, ఇంకోపక్క నీళ్ళు, ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ దిగి ఈదొచ్చు. మీరూ పిల్లోడూ వెళ్ళిరండి, అత్తమ్మగారికి వద్దు. మార్సే దాకా పోయే ఓపికుంటే కలాంక్‌లు చూడండి, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన తెల్లటి కొండలు, సందుల్లో పచ్చటి నీళ్ళు. అడవి మంటల భయంతో ఎండాకాలం కొన్ని రోజులు దారులు మూసేస్తారు, ముందురోజు సాయంత్రం చూసుకునే బయల్దేరాలి. ఆ కలాంక్‌లలోనే సుజితోన్ అనే చోటికి వేసవిలో రోజుకి 400 మందినే పంపుతారు, టికెట్ ఉచితమే కానీ బుకింగ్ తప్పనిసరి.

ట్రంకురోడ్డు_నెల్లూరు:
అక్కా, బ్రదర్, చాలా థ్యాంక్స్. దసరాకే ఫిక్స్ అయ్యాం. అత్తమ్మ మాంసం ముట్టదు, తిండికి ఎలా? వీసా టెన్షన్ కూడా ఉంది.

కావలి_అక్క:
వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అన్నం, చారు ఇంట్లోనే కానివ్వొచ్చు. కూర్ సలేయా సంతలో వంకాయలు, టమాటాలు, ఆలివ్‌లు మంచివి దొరుకుతాయి, సోమవారం మాత్రం అక్కడ పాత సామాన్లు అమ్ముతారు. ఆ పక్క వీధుల్లో సొక్కా అని శనగపిండి, ఆలివ్ నూనెతో పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు ఉంటుంది, అంచులు కరకరలాడుతూ మిరియాలు చల్లి ఇస్తారు. అత్తమ్మగారు తప్పకుండా తింటారు.

కొత్తపట్నం_బస్సు:
వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. వేలిముద్రలకి చెన్నై సెంటర్ మీకు దగ్గర, పన్నెండు నిండని పిల్లలకి అవి అక్కర్లేదు. దసరా అంటే జూలైలోపే స్లాట్ పట్టుకోండి. అత్తమ్మగారి పాత పాస్‌పోర్ట్ గడువు కూడా ఇవాళే చూడండి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలైనా మిగలాలి.